ఎత్తు మడికి అడుగు వేయాలా, వద్దా? మట్టి పోయకముందే తేల్చుకోండి

ఎత్తు మడి, అంటే నేల మీద పలకలు నిలబెట్టి మధ్యలో మట్టి నింపి మొక్కలు పెంచే మడి, కట్టేటప్పుడు చెక్క ఏది తీసుకోవాలి, ఎంత ఎత్తు పెట్టాలి, ఎండ ఎటు పడుతుంది అని చాలా ఆలోచిస్తాం. అడుగు సంగతి, అంటే మట్టి కింద ఏదైనా పరిచి మూయాలా వద్దా అన్నది మాత్రం, మట్టి బస్తాలు వచ్చి పక్కన దిగాక గుర్తొస్తుంది. అప్పటికప్పుడు చేతికి దొరికిన ప్లాస్టిక్ షీటో, పాత టార్పాలినో పరిచి మట్టి పోసేస్తాం.

మడిలో ఇంకే తప్పు జరిగినా తర్వాత దిద్దుకోవచ్చు. పలక పుచ్చితే మార్చొచ్చు, మట్టి కుంగితే ఇంకొంచెం పోయొచ్చు. అడుగు తప్పితే మాత్రం మట్టంతా తోడాల్సిందే. 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మామూలు మడిలో దాదాపు 860 లీటర్ల మట్టి పడుతుంది. తడిసి ఉంటే టన్ను పైమాటే.

నా మొదటి మడిని నేను అలాగే తోడాను. గడ్డి పైకి రాకూడదని అడుగున టార్పాలిన్ పరిచాను. వానలు మొదలైన మూడో వారానికి టమాటా మొక్కల కింది ఆకులు పసుపెక్కాయి, మధ్యాహ్నానికి మొక్కలు వాడిపోతున్నాయి. నీళ్లు చాలట్లేదనుకుని ఇంకా పోశాను. చివరికి చెయ్యి పెట్టి తవ్వి చూస్తే కింద జానెడు లోతున నల్లటి బురద, కుళ్లిన కంపు. వేర్లు పట్టుకుంటే పై తోలు ఊడి చేతికొచ్చింది. వాడిపోతున్నది దాహంతో కాదు, ఊపిరాడక.

ఆ తర్వాత కట్టిన ప్రతి మడికీ నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే. కింద నేల ఉంటే, ఆ నేలతో ఫలానా ఇబ్బంది అని చెప్పడానికి ఏమీ లేకపోతే, అడుగు వేయను. వేయాల్సి వస్తే దేన్ని ఆపడానికి వేస్తున్నానో ముందు పేరు పెట్టి చెప్పుకుంటాను: ఎలుక, చెట్టు వేరు, గడ్డి, సీసం, సిమెంటు నేల. దాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతే మూస్తాను, అంతకు మించి కాదు.

ముందు మాటలు తేల్చుకుందాం

అడుగు లేని మడి అంటే నాలుగు పలకల చట్రం. నేల మీద పెట్టి మట్టి నింపుతాం. లోపలి మట్టి, కింది నేల ఒకదానికొకటి తగిలి ఉంటాయి. అడుగున్న మడి అంటే పెట్టె. కింద చెక్కో, రేకో, ప్లాస్టిక్కో ఉంటుంది, నీళ్లు పోవడానికి కన్నాలుంటాయి. నిజానికి ఇది పెద్ద కుండీ. ఈ రెండింటి మధ్య ఇంకో రకం ఉంది. అడుగున ఇనుప మెష్, జియోటెక్స్‌టైల్ గుడ్డ, అట్ట లాంటివి పరిస్తే నీళ్లు దిగుతాయి, ఆపాల్సింది మాత్రం ఆగుతుంది. చాలామంది పూర్తిగా మూసేసే చోట నిజానికి సరిపోయేది ఈ మధ్య రకమే.

మొదటి పని: కింద ఏముందో చూడండి

మడి పెట్టబోయే చోట సిమెంటు, బండలు, టైల్స్ ఉంటే ఆలోచించడానికేమీ లేదు. అడుగు లేని చట్రం పెట్టినా కింద వేరు దిగదు కాబట్టి మీరు కడుతున్నది అడుగున్న మడే. పైగా చట్రం కింది సందుల్లోంచి మట్టి నీళ్లు కారి నేలంతా మరకలవుతాయి. నేరుగా అడుగున్న మడి భాగానికి వెళ్లిపోండి.

మట్టి నేల అయితే ఒక గుంత తవ్వండి. లోతు, వెడల్పు 30 సెంటీమీటర్లు చాలు. నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి, ఈసారి కొలవండి. నిలువుగా ఒక స్కేలు గుచ్చి పెట్టి గంటకు ఎంత దిగుతోందో చూడండి. గంటకు రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ దిగితే అడుగు లేని మడికి ఇబ్బంది లేదు. అంతకన్నా నెమ్మదిగా దిగితే నేల బంకగా ఉందని, లేదా తొక్కుడుకి గట్టిపడిందని అర్థం. అలాంటి నేల మీద కూడా అడుగు లేని మడి పెట్టుకోవచ్చు, కాకపోతే కింద చెప్పబోయే తయారీ తప్పనిసరి. నేల బాగాలేదు కదా అని మూసేస్తే ఆ కాస్త ఇంకుడు కూడా పోతుంది.

గుంత తవ్వినప్పుడే ఇంకో మూడు సంగతులు తెలుస్తాయి. వానపాములు కనిపిస్తే ఆ నేలను మూయడం అన్యాయం. అవి పైకి వచ్చి మీ మడిని జీతం లేకుండా గుల్ల చేస్తాయి. దారంలాంటి గట్టి వేర్లు అడ్డంగా తగిలితే దగ్గర్లోని చెట్టు అక్కడిదాకా వచ్చిందని అర్థం. నల్లటి గోళీల్లాంటి దుంపలు గొలుసులా కనిపిస్తే అది తుంగ.

తర్వాత ఆ చోటు పూర్వం ఏమిటో కనుక్కోండి. పాత ఇంటి గోడ పక్కన రాలిన పెయింటులో సీసం ఉండొచ్చు. రద్దీ రోడ్డు పక్కన పాత రోజుల పెట్రోలు పొగలోని సీసం మట్టిలో ఉండొచ్చు. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మడం ప్రపంచంలోని చివరి దేశం కూడా ఆపేసింది 2021లోనే. సీసం ఎండకీ వానకీ కరిగిపోయేది కాదు, పై పొరలో దశాబ్దాల పాటు అలాగే ఉంటుంది. మెకానిక్ షెడ్డు నడిచిన చోటు, బ్యాటరీలు విప్పిన చోటు, చెత్త తగలబెట్టిన చోటు కూడా అనుమానించాల్సినవే. అనుమానం ఉంటే మట్టిని ల్యాబులో భారలోహాల పరీక్షకు ఇవ్వండి. చూసి, వాసన పట్టి చెప్పగలిగే విషయం కాదిది. పిల్లలు తినే ఆకుకూర పండించే చోట ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి.

రెండో పని: ఏం వేస్తారో అనుకోండి

వేరు లోతు తెలిస్తే సగం సమాధానం దొరికినట్టే. ఆకుకూరలు, చిన్న ముల్లంగి 15 నుంచి 20 సెంటీమీటర్లలో బతికేస్తాయి. మిరప, బీన్స్, క్యారెట్‌కి 30 కావాలి. టమాటా, వంగ, పాదు జాతులు సుఖంగా ఉండాలంటే 45 ఇవ్వాలి. వీలుంటే టమాటా వేరు మీటరు లోతు దాకా కూడా పోతుంది.

తేడా ఎక్కడొస్తుందంటే, అడుగు లేని మడిలో మీ పలక ఎత్తు 20 సెంటీమీటర్లే అయినా కింది నేల కూడా లెక్కలోకి వస్తుంది. అడుగున్న మడిలో పలక ఎత్తే మొత్తం లోతు. అందుకే మూసిన మడి అంటే ఎక్కువ పలకలు, ఎక్కువ మట్టి, ఎక్కువ బరువు. అక్కడ ఆకుకూరలే వేస్తామంటే 20 సెంటీమీటర్ల పెట్టె హాయిగా సరిపోతుంది.

అడుగు లేని మడి ఎలా పెట్టాలి

గడ్డిని నేలబారుగా కోసేయండి. పీకి పారేయనక్కర్లేదు, కింద కుళ్లి ఎరువవుతుంది. తర్వాత గడ్డపారో, పలుగో నేలలోకి 20, 25 సెంటీమీటర్లు దింపి వెనక్కి వంచి వదిలేయండి. మట్టిని తిరగేయొద్దు, పగుళ్లిస్తే చాలు. జానెడు జానెడు దూరంలో ఇలా చేసుకుంటూ పోండి. పై మట్టికీ కింది నేలకీ మధ్య గట్టి పొర మిగిలిపోతే నీరు అక్కడే ఆగుతుంది, వేరు అక్కడే పక్కకి తిరుగుతుంది. ఈ పనికి అరగంట పడుతుంది. ఎక్కువమంది వదిలేసేదీ దీన్నే.

బంకనేల ఉన్నవాళ్లు ఒక పొరపాటు చేయొద్దు. మట్టి బాగాలేదని లోతుగా తవ్వి తీసేసి, ఆ గుంతలో మంచి మట్టి నింపుతుంటారు. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని వదలదు, మీరు నింపిన గుల్ల మట్టిలోకి నలువైపుల నుంచీ వాన నీరు చేరుతుంది. అడుగు వేయకుండానే తొట్టి కట్టినట్టవుతుంది. బంకనేలలో కిందికి వెళ్లకండి, పైకి వెళ్లండి. పలక ఎత్తు 30కి పెంచండి, కింది నేలకు పగుళ్లు మాత్రం ఇవ్వండి.

మామూలు గడ్డి, కలుపు ఉన్న చోట అట్ట బాగా పనిచేస్తుంది. టేపులు, పిన్నులు పీకేయండి. మెరిసే పూత ఉన్నవి, రంగుల బొమ్మలున్నవి వద్దు. రెండు వరసలు, ఒకదాని మీద ఒకటి 20 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచి, ముద్దయ్యేదాకా తడపండి. పొడి అట్ట మీద మట్టి పోస్తే అది నీటిని పక్కకి జారుస్తుంది, మధ్యలో మట్టి ఎండిపోతుంది. తడిసిన అట్ట కొన్ని నెలల్లో కుళ్లిపోతుంది. ఈలోగా కింది గడ్డి వెలుతురు లేక చస్తుంది, తర్వాత వేర్లకు దారి తెరుచుకుంటుంది.

తుంగకి మాత్రం అట్ట అడ్డమే కాదు. దాని మొలక సూదిలా ఉంటుంది, మల్చింగ్ ప్లాస్టిక్‌నే చీల్చుకుని వస్తుంది. మడి పెట్టకముందే తవ్వి దుంపలు ఏరడం, తర్వాత వచ్చిన ప్రతి మొలకనీ రెండు మూడు వారాలు నిండకుండా తీసేయడం, ఇదే దారి. తీస్తూ పోతే దుంపలోని శక్తి అయిపోతుంది. గరికది ఇంకో రకం. అది కిందినుంచి కన్నా పక్కనుంచి పలక కిందుగా దూరి వస్తుంది. మడి చుట్టూ 30 సెంటీమీటర్ల వెడల్పున నేలను ఖాళీగా ఉంచితే అది వచ్చేటప్పుడే కనిపిస్తుంది.

ఒక లోపం కూడా చెప్పాలి. చెక్క నేలను తాకుతుంది కాబట్టి చెదలు త్వరగా వస్తాయి. చెదలున్న చోట ఇటుకలో, రాతిపలకలో, గాల్వనైజ్డ్ రేకో వాడండి. పాత రైలు స్లీపర్లు మాత్రం వద్దు, అవి పుచ్చకుండా పట్టించిన క్రియోసోట్ కూరగాయల మట్టిలో ఉండకూడదు.

కింద నుంచి వచ్చేవాటికి మధ్య రకం అడుగు

ఎలుకలు, పందికొక్కులు ఉంటే 12 మిల్లీమీటర్ల చదరపు కన్నాల గాల్వనైజ్డ్ వెల్డ్ మెష్ తీసుకోండి. చుంచులు కూడా ఉంటే 6 మిల్లీమీటర్లది. కోళ్ల గూళ్లకు వాడే ఆరుపలకల జాలీ దీనికి పనికిరాదు. తీగ సన్నం, కన్నం పెద్దది, త్వరగా తుప్పు పడుతుంది. చట్రాన్ని బోర్లా తిప్పి, మెష్ పరిచి, నాలుగు వైపులా 8, 10 సెంటీమీటర్లు పలకల మీదికి మడిచి స్టేపుల్ పిన్నులు దగ్గర దగ్గరగా కొట్టండి. రెండు ముక్కలు కలిసే చోట కనీసం 5 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, తీగతో కుట్టాలి. వేలు పట్టే సందు ఒక్కటి ఉన్నా ఎలుక దాన్నే వెతుక్కుంటుంది. చేతి తొడుగులు వేసుకోండి, కోసిన అంచులు బ్లేడులా ఉంటాయి. మెష్ పైన 30 సెంటీమీటర్ల మట్టి ఉంటే క్యారెట్ లాంటివి కన్నాల్లో ఇరుక్కోవు.

మెష్ పెట్టినా నీళ్లు దిగుతాయి, వానపాములు వస్తాయి, వేర్లు పోతాయి. మడి దాదాపు తెరిచి ఉన్నట్టే.

మట్టిలో కొద్దిపాటి కాలుష్యం ఉందని పరీక్షలో తేలితే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి. నీళ్లు దిగుతాయి కానీ కింది మట్టి పైదాంతో కలవదు. దాని పైన 30 నుంచి 45 సెంటీమీటర్ల శుభ్రమైన మట్టి పోయండి. తవ్వేటప్పుడు గుడ్డ కనిపిస్తే అక్కడే ఆగాలి, దాన్ని చించకూడదు. సీసం ఉన్న నేలల్లో ఎక్కువ భయం ఆకుకూరలు, దుంపలతోనే, ఎందుకంటే మట్టి వాటికి నేరుగా అంటుకుంటుంది. కాబట్టి మడి చుట్టూ ఉన్న పాత మట్టి కూడా వాన చినుకులకు ఎగిరి ఆకుల మీద పడకుండా కప్పి ఉంచండి. కాలుష్యం తీవ్రంగా ఉంటే గుడ్డతో సరిపెట్టుకోకుండా పూర్తిగా మూసిన పెట్టెకు వెళ్లండి.

చెట్టు పక్కన అయితే నేను మెష్, గుడ్డ రెండింటినీ నమ్మను. చెట్టు నీళ్లు పీల్చే సన్న వేర్లు ఎక్కువగా నేల పై పొరలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. మీరు రోజూ నీళ్లు, ఎరువు పోసే మెత్తటి మట్టి వాటికి కనిపిస్తే ఒకటి రెండేళ్లలో మడి అడుగంతా వేర్ల చాపలా అల్లుకుపోతుంది. చెట్టుకి దూరంగా జరగండి. జరగడానికి చోటు లేకపోతే కాళ్ల మీద నిలబడే పెట్టె పెట్టండి. కింద గాలి ఆడే ఖాళీ ఉంటే వేరు దాన్ని దాటి రాలేదు, చెట్టు వేళ్ల మీద మట్టి కప్పి దానికి ఊపిరాడకుండా చేసిన పాపమూ ఉండదు.

అడుగున్న మడి ఎలా కట్టాలి

ఇక్కడ ఒక్క విషయం అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. వంటగిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి, అరచేతిలో బల్లపరుపుగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని అలాగే పొడవు వైపు నిలబెట్టి పట్టుకోండి. ఆగిపోయిందనుకున్న స్పాంజి నుంచి మళ్లీ నీళ్లు కారతాయి. మట్టి కూడా అంతే. కన్నాలు ఎన్ని ఉన్నా, పెట్టె అడుగున కొంత మందాన మట్టి నీటితో నిండే ఉంటుంది. మట్టి రేణువులు ఆ నీటిని పట్టుకుంటాయి, కిందకి వదలవు. లోతైన పెట్టెలో ఈ తడి పొర కిందెక్కడో ఉంటుంది, వేర్లకు పైన చాలినంత గాలి దొరుకుతుంది. లోతు తక్కువైతే అదే పొర వేర్ల మధ్యలోకి వస్తుంది.

అందుకే అడుగున గులకరాళ్లు వేయడం వల్ల మేలు జరగదు. మట్టిలోని నీరు రాళ్ల మధ్య పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా దిగదు, రాళ్ల పైనే ఆగుతుంది. అంటే తడి పొర కింది నుంచి రాళ్ల మందం మేర పైకి జరిగిందన్నమాట. పైగా బరువు. ఎంతో కాలంగా అందరూ చేస్తున్న పని కాబట్టి ఈ మాట నమ్మడం కష్టం, నేనూ వెంటనే నమ్మలేదు. రాళ్లు మానేసి అంత మందాన మట్టే పోసిన పెట్టెలో మొక్కలు బాగా రావడం చూశాకే ఆ అలవాటు పోయింది.

కన్నాలు 12 మిల్లీమీటర్ల వ్యాసంతో, 15 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున అడుగంతా వేయండి. మూలల్లో తప్పకుండా ఉండాలి. కన్నం మీద పెంకు ముక్క పెట్టి మూయకుండా, పల్చటి జియోటెక్స్‌టైల్ గుడ్డ ఒక్క వరస పరచండి. చెక్క అడుగైతే పలకల మధ్య సెంటీమీటరు సందు వదిలితే కన్నాలే అక్కర్లేదు. పలకల కింద 40 సెంటీమీటర్లకి ఒక అడ్డకర్ర ఉండాలి, లేకపోతే తడి మట్టి బరువుకి మధ్యలో కుంగుతుంది.

పెట్టెను నేల మీద ఆనించి పెట్టకండి. ఇటుక ముక్కలో, పీటలో పెట్టి 3 నుంచి 5 సెంటీమీటర్లు లేపండి. నేలను ఆనుకుంటే కన్నాలు ఉన్నా లేనట్టే, చెక్క కింది నుంచి పుచ్చుతుంది. గోడకి కూడా బెత్తెడు ఎడం ఉంచండి, లేదంటే ఆ తేమ గోడలోకి పోతుంది.

మేడ మీదో బాల్కనీలోనో పెడుతుంటే బరువు లెక్క వేయకుండా ఒక్క తట్ట మట్టి కూడా పైకి ఎక్కించొద్దు. తోట మట్టి 30 సెంటీమీటర్ల లోతున తడిసి ఉంటే ప్రతి చదరపు మీటరుకీ దాదాపు అర టన్ను బరువుంటుంది. కోకోపీట్, కంపోస్టు ఎక్కువగా ఉన్న తేలిక మిశ్రమమైతే సగం దాకా తగ్గుతుంది. శ్లాబు ఎంత మోస్తుందో ఇల్లు కట్టిన ఇంజినీరు చెప్పగలరు, వాళ్లు దొరక్కపోతే ఇంకో ఇంజినీరుకి చూపించండి. దూలాలు, గోడలు ఉన్న వైపు పెట్టండి, శ్లాబు నడిమధ్యలో వద్దు.

మట్టి నింపే ముందు ఖాళీ పెట్టెలో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడండి. నీళ్లు ఎటు పోతున్నాయి, ఏ మూల నిలుస్తున్నాయి, బయటికి వచ్చి ఎవరి గోడ మీద పడుతున్నాయి అన్నీ ఆ ఒక్క బకెట్‌తో తెలుస్తాయి. ఇప్పుడైతే పెట్టె కింద చిన్న చెక్క ముక్క జరిపి వాలు సరిచేయొచ్చు.

అడుగు నుంచి నీళ్లు అస్సలు బయటికి పోకుండా మూసే మడి ఒకే ఒక్కటుంది, విక్కింగ్ బెడ్. అడుగున నీటి తొట్టి, దాని పైమట్టంలో ఒక ఓవర్‌ఫ్లో గొట్టం, పైన 30 సెంటీమీటర్ల మట్టి. మట్టి కింది నీటిని దీపం వత్తి నూనె పీల్చినట్టు పైకి లాక్కుంటుంది. అది వేరే కట్టుబడి. ఓవర్‌ఫ్లో గొట్టం లేకుండా మామూలు మడిలో ప్లాస్టిక్ షీటు వేసి దాన్ని విక్కింగ్ బెడ్ అనుకోకూడదు.

పెట్టాక చూసుకునే తీరు మారుతుంది

అడుగు లేని మడి ఒకరోజు నీళ్లు మరిచినా కింది నేల తేమతో సర్దుకుంటుంది. అడుగున్న మడికి ఆ ఆసరా లేదు, ఎండాకాలంలో రోజూ చూడాల్సిందే. వేలు రెండు కణుపుల లోతున గుచ్చి, పొడిగా తగిలితే నీళ్లు పోయండి. పోసిన ప్రతిసారీ కన్నాల్లోంచి కొంత పోషకాలూ కొట్టుకుపోతాయి కాబట్టి ఎరువు కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వాలి. నీళ్లు ఉప్పగా ఉండే చోట మట్టి పైన తెల్లటి పొర కడితే లవణాలు పేరుకున్నాయని అర్థం. అప్పుడు దొరికినంత మంచి నీళ్లు, కుదిరితే వాన నీళ్లు, కన్నాల్లోంచి ధారగా కారేదాకా పోసి కడిగేయండి.

ఇప్పటికే మూసేసి ఉంటే

మట్టి తోడేముందు ఒక పరీక్ష చేయండి. సన్నటి ఇనుప చువ్వను మడి మధ్యలో అడుగు తగిలేదాకా దింపి, పది నిమిషాలు ఉంచి తీయండి. చివర బురద అంటి, కంపు కొడితే నీరు నిలుస్తోంది.

కింద ప్లాస్టిక్ షీటుంటే, నేల మీద ఉన్న మడి అయితే, పంట తీసేసిన రోజున గడ్డపార తీసుకుని జానెడుకొక పోటు చొప్పున షీటును చీల్చుకుంటూ నేలలోకి దింపండి. అందంగా ఉండదు, షీటు ముక్కలు లోపలే మిగిలిపోతాయి, కానీ నీరు ఆ రోజే దిగడం మొదలవుతుంది. రెండు మూడు పంటల తర్వాత మట్టి మార్చేటప్పుడు ముక్కలు ఏరుకోవచ్చు. చెక్క పెట్టె అయితే పక్క పలకలకు, నేలకి వేలెడు పైన, డ్రిల్‌తో వరసగా కన్నాలు వేయండి. మొదటి కన్నంలోంచే నల్లటి నీళ్లు వస్తే భయపడకండి, అవి పూర్తిగా కారి మట్టి ఆరేదాకా నాలుగైదు రోజులు నీళ్లు పోయకుండా ఆగండి. వాడిన మొక్కల మీద జాలిపడి ఆ రోజుల్లో ఎరువు కూడా వేయొద్దు. కుళ్లిన వేరు దాన్ని తీసుకోలేదు. కొత్త చిగురు కనిపించాక మొదలుపెట్టండి.